నాలుగో హాస్టల్‌లో ఒక మంచం

కారా-బులుంగ్
సెప్టెంబరు 18, 2001

బెర్మెత్,

ముందు ఒక తప్పు దిద్దాలి. నాలుగో హాస్టల్ "కొత్త భవనం" అని రాశావు. అది కొత్తది కాదు. 1957లో మమ్మల్ని, అంటే మొదటి సంవత్సరం ఆడపిల్లల్ని, మూడు వారాలు పాఠాలు మానిపించి దానికి ఇటుకలు మోయించారు. మెట్ల పక్క గోడ కాస్త వంకరగా కనిపిస్తే అది మా గుంపు కట్టిందే. ఎవరో ఈమధ్య గులాబీ రంగు పూసి ఉంటారు, నువ్వు మోసపోయావు. కెమిస్ట్రీ చదవడానికి వెళ్ళిన పిల్ల పైపూత చూసి వయసు చెప్పకూడదు.

రెండో సంగతి. నీ ఉత్తరం ముప్పావు పేజీ ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని నేను. జవాబు తెలిసిన పిల్లలు గజిబిజిగా నిండా రాస్తారు. తెలియని పిల్లలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఐదు లైన్లు రాసి, కింద స్కేలుతో గీత గీస్తారు. నువ్వు గీత గీశావు. భోజనం బాగుంది, గది బాగుంది, అందరూ మంచివాళ్ళు. ఏ గది? నంబరు లేదు. కవరు మీద చిరునామా చూస్తే "గుల్‌బారా, 312వ గది, బెర్మెత్‌కి అందజేయగలరు" అని ఉంది. యూనివర్సిటీ నీకు మంచం ఇచ్చి నంబరు ఇవ్వడం మర్చిపోయిందా?

ఇక్కడ విశేషాలు పెద్దగా లేవు. కనుమ మీద మంచు పడింది. నేను చెప్పిన ఫిజిక్సు పాఠాలు ఇప్పుడు ఆటల మాస్టారికి అప్పగించారు. గురుత్వాకర్షణ గురించి అతనికి తెలిసిందల్లా బంతి కింద పడుతుందని.

వ్యాన్ నడిపే బాకాస్ చేత కురుత్, అదే ఎండబెట్టిన పెరుగు ఉండలూ, నెయ్యీ పంపుతున్నాను. నిజం రాయి. కాగితం చాలకపోతే దానికి రెండో వైపు కూడా ఉంటుంది.

అమ్మ


బిష్కెక్
అక్టోబరు 2

అమ్మా,

పట్టేశావు. నాకు మంచం లేదు.

ఆగస్టు చివర్లో హాస్టల్ జాబితా అంటించారు. మా డిపార్ట్‌మెంట్‌లో నూట నలభై పేర్లు. నా పేరు ఉంది, దాని మీద గీత ఉంది, పక్కన పెన్సిల్‌తో "తల్లి నగరంలోనే" అని ఉంది. అప్పటి నుంచి గుల్‌బారా మంచం మీదే ఉంటున్నాను. తను తల పెట్టిన వైపు నా కాళ్ళు. వార్డెన్ జినైదా పావ్లొవ్నా తనిఖీకి వస్తే బీరువాలో ఉంటున్నాను. వాసన మాత్రం బాగుంటుంది, అందులో నువ్వు పంపిన కురుత్ ఉంది.

వెళ్ళి అడగలేదనుకోకు. డీన్ ఆఫీసు కిటికీ రెండింటికి తెరుస్తారు, నాలుగింటికి మూస్తారు, మధ్యలో టీ తాగుతారు. మూడు రోజులు వరుసలో నిలబడితే నాలుగో రోజు నా వంతు వచ్చింది. కిటికీ వెనకావిడ నా దరఖాస్తు తిరగేసింది.

"తల్లి బిష్కెక్‌లో ఉంటుందని నువ్వే రాశావుగా. ఊళ్ళో ఇల్లున్నవాళ్ళకి హాస్టల్ ఇవ్వం."

"మా అమ్మ నారిన్ అవతల, కారా-బులుంగ్‌లో ఉంటుందండీ."

"మరి ఈ బూరుల్ ఎవరు?"

"మా వదిన."

"వదిన కడుపున పుట్టావా?"

వరుసంతా నవ్వింది. వెనక ఒకడు "అయితే మీ నాన్న నీకు అన్నయ్యా?" అన్నాడు. అవునన్నాను. ఇంకా నవ్వారు. ఏముంది ఇందులో నవ్వడానికి? పెద్ద మనవరాల్ని నానమ్మ తీసుకుని తన బిడ్డగా పెంచుకోవడం, ఆ పిల్ల నానమ్మని అమ్మ అనీ, కన్నవాళ్ళని అన్న, వదిన అనీ పిలవడం వీళ్ళెవరి ఇళ్ళల్లోనూ లేదా? కిటికీ వెనకావిడ కూడా మనవాళ్ళే. నవ్వులు తగ్గాక నెమ్మదిగా అంది: "మా పెద్దక్కనీ మా నానమ్మే పెంచుకుంది, చెల్లీ. నాకు తెలియక కాదు. ఫారంలో దానికి గడి లేదు."

తప్పు నాదే. ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే సరిపోయేది. కానీ ఏ గడీ ఖాళీగా వదలొద్దని పదేళ్ళు నా నెత్తిన మొట్టింది ఎవరు?

ఒక దారి ఉందట. "తల్లి ఈ పిల్లను వదిలేసి వెళ్ళిపోయింది, పెంచినది నేను" అని నువ్వు ఒక కాగితం రాసి, గ్రామ కార్యాలయం ముద్ర వేయించి పంపాలి. నవంబరు ఇరవైన కమిటీ కూర్చుంటుంది. అప్పుడు నాకు మంచం ఇస్తారు. ఒక్క వాక్యం. ఎలాగూ నిజమే కదా. అన్నయ్య పోయిన మరుసటి ఏడే వదిన నన్ను వదిలేసి వెళ్ళిందని ఊరందరికీ తెలుసు. తొందరగా పంపు.

వదిన ఇంటికి వెళ్ళి ఉండమని మాత్రం రాయకు. బీరువా నయం.

బెర్మెత్


కారా-బులుంగ్
అక్టోబరు 11

బెర్మెత్,

ఒక హాస్టల్‌కి ఇటుకలు మోస్తే, నలభై నాలుగేళ్ళ తరవాత మన పిల్లని ఆ హాస్టల్లోనే బీరువాలో పెట్టారు. వాళ్ళ నాన్నమ్మల్ని కూడా పెట్టమను బీరువాలో.

నీ ఉత్తరం చదివి ఆ రోజంతా గిన్నెలు గట్టిగా పెడుతూ తిరిగాను. చివరికి ఒక సొట్ట పడింది. దాని లెక్క డీన్‌దే.

దీనితో ఒక పత్రం జత చేశాను. ఈ పిల్ల పుట్టిన నలభయ్యో రోజు నుంచి మన ఆచారం ప్రకారం జూరకాన్ కూతురు, జూరకాన్ ఇంట్లోనే పెరిగింది, జూరకాన్‌కి నగరంలో ఇల్లు లేదు అని స్పష్టంగా రాశాను. ఏడుగురు పెద్దలు సంతకాలు చేశారు. వాళ్ళలో ముగ్గురు నా దగ్గర చదువుకున్నవాళ్ళే, కాబట్టి సంతకాల్లో తప్పుల్లేవు. గ్రామ ముద్ర కూడా ఉంది. ముద్ర ఎప్పుడూ ఊరి పెద్ద తుర్దుబెక్ జేబులోనే ఉంటుంది, అతను పెళ్ళికి వెళితే ముద్ర కూడా పెళ్ళికి వెళుతుంది. నాలుగు కిలోమీటర్లు నడిచి ఆ పెళ్ళిలోనే వేయించుకొచ్చాను. కాగితం మూలన ఉన్న నూనె మరక అక్కడిదే.

నువ్వడిగిన వాక్యం మాత్రం అందులో లేదు. ఈ పత్రంతో పని జరుగుతుంది. చదువుకున్నవాళ్ళే కదా అక్కడ కూర్చున్నది.

పొద్దున ఎనిమిదింటి ల్యాబు మానకు. ఒకే మంచం మీద ఇద్దరు పడుకున్నా ఒకరు ముందు లేవవచ్చు.

అమ్మ


బిష్కెక్
అక్టోబరు 23

అమ్మా,

చదువుకున్నవాళ్ళే కూర్చున్నారు. చదివారు కూడా. ఉప డీన్ ఒస్మోనొవ్ గారు నీ పత్రాన్ని పైకి చదివి వినిపించి, కళ్ళజోడు తీసి అన్నారు: "మీ అమ్మగారి భాష చాలా బాగుంది. మా వాళ్ళకి నేర్పమని అడగాలి. కానీ ఆచారం పత్రం కాదమ్మా. కోర్టులో దత్తత తీసుకున్న కాగితం ఉందా?"

"లేదండీ."

"ఎందుకు లేదు? పదిహేడేళ్ళుగా ఎవరికీ గుర్తు రాలేదా?"

"ఊళ్ళో అందరికీ తెలుసు కదండీ నేనెవరి పిల్లనో."

"ఊళ్ళో అందరూ వచ్చి ఇక్కడ కూర్చోలేరు కదా. దత్తత కాగితం తే, లేదా తల్లి వదిలేసిందన్న కాగితం తే. రెండూ లేకపోతే తల్లి దగ్గరికే వెళ్ళు."

ఆ రోజే ఇంకోటి జరిగింది. బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. జినైదా పావ్లొవ్నా గది మధ్యలో నిలబడి ఉంది, నేను కోట్ల మధ్య నిలబడి ఉన్నాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "బయటికి రా బిడ్డా, నీకు ఊపిరాడదు" అంది. సాయంత్రానికల్లా ఖాళీ చేయకపోతే గుల్‌బారా మంచం కూడా పోతుందని చెప్పింది. ఇప్పుడు గుల్‌బారా పిన్నిగారి ఇంట్లో, వసారాలో ఉంటున్నాను. పై నెలాఖరుకి వాళ్ళ చుట్టాలు వస్తారట. బస్సు దొరక్క మొన్న ల్యాబుకి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. ఇలా మూడుసార్లయితే పరీక్షకి కూర్చోనివ్వరు. ఇది రెండోది. ముప్ఫై మందికి ఒకే పుస్తకం, అది హాస్టల్ గదుల్లోనే తిరుగుతుంది, వసారాల్లోకి రాదు. జనవరి పరీక్ష తప్పితే నా చోటు ఇంకొకరికి పోతుంది. అప్పుడు తిరిగొచ్చి ఆటల మాస్టారికి సహాయంగా బంతులు ఏరుతాను.

అమ్మా, బడిలో పొయ్యి పని చేయడం లేదని నువ్వు మంత్రిగారికి రాశావు. పోస్టుమ్యాన్ తాగి వస్తున్నాడని నువ్వు మంత్రిగారికి రాశావు. వాళ్ళెవరికీ రాయని వాక్యం ఏమీ లేదు నీ దగ్గర. ఈ ఒక్క వాక్యం దగ్గర చెయ్యి ఎందుకు ఆగుతోంది? ఆవిడ మీద జాలా? నన్ను వదిలేసి సిటీకొచ్చి వేరే పెళ్ళి చేసుకున్న మనిషి మీద నీకు జాలి, వసారాలో పడుకున్న నా మీద లేదు.

నాకు ఆ కాగితం కావాలి. ఇంకో పత్రం వద్దు, ఏడుగురి సంతకాలు వద్దు.

బెర్మెత్


కారా-బులుంగ్
నవంబరు 1

బెర్మెత్,

కూర్చుని చదువు. నిలబడి చదివే ఉత్తరం కాదు.

నీకు నలభయ్యో రోజున నలభై చెంచాల నీళ్ళతో స్నానం చేయించి, నా గౌను మెడలోంచి లోపలికి జార్చి, కింద అంచులోంచి బయటికి తీసుకున్నాను. నేనే కన్నట్టు. అందరూ చప్పట్లు కొట్టారు. బూరుల్‌కి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ మూల నిలబడి టీ పోస్తోంది. కప్పు నిండినా పోస్తూనే ఉంది, ఒకావిడ ఒళ్ళో పడింది. అందరూ నవ్వారు, నేను కూడా. ఇస్తావా అని ఆ పిల్లని ఎవరూ అడగలేదు. అడిగే ఆచారం లేదు. మా అత్తగారు నన్నూ అడగలేదు. నా కొడుకు తాలాయ్‌ని తనే తీసుకుంది. అది గుర్తుండి కూడా నేను అడగలేదు. చదువుకున్నదాన్ని కూడాను.

నీకు ఆరేళ్ళప్పుడు తాలాయ్ గనిలో పోయాడు. ఏడాది తిరిగాక బూరుల్ నా ముందు కూర్చుని, బిష్కెక్‌లో తన అక్క దగ్గరికి వెళతాననీ, కుట్టుపని చేసుకుంటాననీ, నిన్ను ఇమ్మనీ అడిగింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఈ మాట అలంకారానికి రాయడం లేదు. రెండు చేతులూ రెండు వైపులా పెట్టి నిలబడ్డాను. నా కొడుకు పోయాడు, నువ్వు కూడా పోతే ఆ ఇంట్లో నేనూ గోడ గడియారమూ మిగులుతామనిపించింది. ఆమె ఒక్క మూటతో వెళ్ళింది. తరవాత రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నువ్వు బడిలో ఉన్నావు, బడి వదిలే లోపల పంపించేశాను. రెండోసారి వస్తోందని ముందే తెలిసి నిన్ను కొండ మీది మేతకి పంపాను. ఆ వేసవి నీకు చాలా ఇష్టం, గుర్రం ఎక్కడం నేర్చుకున్నావు.

"వదిన ఏదీ?" అని అడిగావు. "వెళ్ళిపోయింది" అన్నాను. అది అబద్ధం కాదు, అందుకే అంత బాగా పని చేసింది. దానికి ఊరు "వదిలేసి" చేర్చింది. నేను దిద్దలేదు. పక్కింటి వాడి వాక్యంలో కామా తప్పితే దిద్దేదాన్ని, అది మాత్రం దిద్దలేదు.

దత్తత కాగితం ఎందుకు లేదని మీ ఒస్మోనొవ్ అడిగాడు. మంచి ప్రశ్న. దానికి బూరుల్ సంతకం కావాలి. సంతకం కావాలంటే ఆమెను అడగాలి. అడిగితే ఇవ్వనంటుందని నాకు తెలుసు.

నువ్వు వేసుకున్న నీలం కోటు నేను చెప్పినట్టు ఉపాధ్యాయ సంఘం ఇచ్చింది కాదు. దానికి ముందు ఎర్రదీ, దానికి ముందు కుచ్చు టోపీతో ఉన్నదీ కూడా కాదు. ఏ ఉపాధ్యాయ సంఘమైనా ఒక పిల్ల భుజాల కొలత సరిగ్గా ఎరుగుతుందా?

కాబట్టి ఆ వాక్యం రాయను. నువ్వు చదువు మానేసి రావలసి వచ్చినా రాయను. పదేళ్ళుగా నోటితో చెప్పకుండా చెబుతున్న అబద్ధానికి ఇప్పుడు సంతకం పెట్టి ముద్ర వేయలేను.

జూరకాన్


బిష్కెక్
నవంబరు 7

జూరకాన్ టీచర్ గారికి,

మీ ఉత్తరం అందింది. నిలబడే చదివాను, వసారాలో కుర్చీ లేదు.

కొన్నాళ్ళు నాకు రాయకండి.

బెర్మెత్


కారా-బులుంగ్
నవంబరు 13

బెర్మెత్,

రాయొద్దన్నావు గనక క్లుప్తంగా రాస్తున్నాను.

నీకు రాసిందంతా బూరుల్‌కి కూడా రాశాను. మూడు చిత్తుప్రతులు పొయ్యిలోకి వెళ్ళాయి. మొదటి దానిలో నన్ను నేను సమర్థించుకున్నాను, రెండో దానిలో ఏడ్చాను, మూడోది మరీ బాగా కుదిరింది, అందుకే తగలబెట్టాను. నాలుగోది ఒక పేజీ. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో, వాళ్ళు ఏ కాగితం అడుగుతున్నారో, నేను అది ఎందుకు రాయలేదో చెప్పాను. ఆమెని ఏమీ చెయ్యమనలేదు. నాకు ఆ హక్కు లేదు.

బాకాస్ ఆ ఉత్తరం బజారులో ఆమె కర్టెన్ల దుకాణంలో స్వయంగా ఇచ్చాడు. చదివిందా అంటే "చదివింది" అన్నాడు. ఏమందంటే "చేతిలో ఉన్న కత్తెర కింద పెట్టింది" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. బాకాస్‌ని వార్తల కోసం పంపేకన్నా గొర్రెని పంపడం మేలు.

జవాబు అక్కర్లేదు. ల్యాబుకి ఆలస్యం కాకు.

జూరకాన్


బిష్కెక్
నవంబరు 29

అమ్మా,

అలవాటు కొద్దీ రాశాను ఆ మాట, కొట్టేయడం లేదు. అంతమాత్రాన కోపం తగ్గిందనుకోకు. ఒస్మోనొవ్‌ని తిట్టుకోవడానికి నువ్వు తప్ప నాకెవరూ లేరు, అందుకు రాస్తున్నాను.

ఇరవయ్యో తారీకున కమిటీ గది బయట అరవై మందిమి నిలబడ్డాం. రెండు కుర్చీలు. నా పేరు పిలిచేసరికి మూడున్నర. లోపలికెళితే బల్ల వెనక ఐదుగురు, ఇవతల అప్పటికే ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో సంచి, కోటు మీద దారపు ముక్కలు. పదేళ్ళ తరవాత చూస్తున్నాను. నా కంటే పొట్టి. ఆవిడ చాలా పొడవైన మనిషి అనుకుంటూ వచ్చాను.

ఒస్మోనొవ్ అంటున్నారు: "మీరు తల్లేనా? మరి మీరే ఉన్నారుగా ఇక్కడ. పిల్లని తీసుకెళ్ళండి."

"పిల్లకి హాస్టల్ కావాలంట. నేను వదిలేసినట్టు రాయాలన్నారంట. కాగితం ఇవ్వండి, రాస్తాను."

"ఆలోచించుకోండి. ఇది రికార్డుల్లో ఉండిపోతుంది."

"ఊళ్ళో ఎప్పటి నుంచో ఉందిగా. మీ దగ్గర కూడా ఉంటుంది. కలం ఉందాండీ, నాది రాయట్లేదు."

కలం ఇచ్చారు. వంగి రాయడం మొదలుపెట్టింది. ఆ కమిటీలో ఒకాయన తాపీగా కేకు తింటున్నాడు, అమ్మా. చూస్తే ఒళ్ళు మండింది. ఆవిడ "నేను, బూరుల్, నా కూతురు బెర్మెత్‌ను" అనే దాకా రాసింది. అక్కడ ఆగి, చెయ్యి విదిలించుకుని, మళ్ళీ కలం ఆనించింది.

"రాయకు" అన్నాను.

వెనక్కి చూసింది. "నీకు మంచం కావాలిగా?"

"కావాలి. రాయకు."

"ముందు నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. అడిగితే ఇవ్వడం ఇంత తేలికని తెలీదు" అని నవ్వబోయింది.

నేను కాగితం లాగేశాను. కొంచెం చిరిగింది. "ఇక్కడ ఆటలాడుతున్నారా?" అని ఒస్మోనొవ్ బల్ల చరిచారు. "ఆ కాగితం లేకపోతే మంచం జాబితాలో తరవాతి అమ్మాయికి పోతుంది."

"పోనివ్వండి" అన్నాను. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నిన్ను తలుచుకుని కాదు, ఆవిణ్ణి తలుచుకుని కాదు, ఆ మంచాన్ని తలుచుకుని. మూడు నెలలు దాని కోసమే తిరిగాను. ఆవిడ పక్కన నిలబడి, నా కోటు మీద చెయ్యి వేసి, "భుజాల దగ్గర పట్టేసింది. కొలత తప్పింది ఈసారి" అంది.

ఆవిడ ఇంట్లోనే ఉంటున్నాను ఇప్పుడు. ఊరి ఉత్తరపు చివర, కొత్త కాలనీ. రెండు గదులు, మూడోదానికి గోడలున్నాయి, పైకప్పు లేదు. ఆవిడ భర్త జోల్దోష్ గారు మంచివారే, మాట్లాడరు. వాళ్ళ పిల్లలిద్దరూ నా రికార్డు పుస్తకంలో మూలకాల పట్టికకి రంగులు వేశారు. పడుకోవడానికి సరిపడా పరుపులు లేవు. రెండు కోట్లు పరిచి, మూడోది కప్పుకుంటున్నాను. రెండు బస్సులు మారాలి, గంటన్నర. మొదటి బస్సు మా మలుపు దగ్గర ఆగదు. అందుకని ఆవిడ రోజూ నా కంటే ముందు వెళ్ళి రోడ్డు మధ్యలో నిలబడుతుంది. డ్రైవరు "చస్తావే తల్లీ, జరుగు!" అని అరుస్తాడు. "పిల్లకి ల్యాబుంది, ఎక్కించుకో!" అని ఈవిడ అరుస్తుంది. మూడో ఆలస్యం ఇంకా పడలేదు.

వదిన అని పిలవలేకపోతున్నాను. ఇంకోలా కూడా పిలవలేకపోతున్నాను. "ఇదిగో" అంటున్నాను. పలుకుతోంది.

నిన్ను క్షమించలేదు. జనవరి పరీక్షలయ్యాక ఆ సంగతి చూస్తాను, ఇప్పుడు తీరిక లేదు.

బెర్మెత్


కారా-బులుంగ్
డిసెంబరు 8

బెర్మెత్,

పరీక్షలయ్యాకే చూడు. తొందరేం లేదు, అరవై మూడేళ్ళ నుంచి నాతోనే ఉంటున్నాను, నన్ను భరించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఒస్మోనొవ్ మీద మంత్రిగారికి రాశాను. ఫారంలో ఇంకో గడి చేర్చాలని రాశాను. కేకు సంగతి కూడా రాశాను. ఏమీ జరగదు. నాలుగో హాస్టల్లో నీ మంచం మీద ఇప్పుడు ఎవరో పడుకుని ఉంటారు, నిద్ర కూడా బాగా పడుతూ ఉంటుంది. తలుచుకుంటే నాకూ మండుతుంది. మండనీ.

పని సంగతికి వస్తాను. నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, పరుపులు లేవని. బూరుల్ మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వాళ్ళమ్మ పన్నెండు ఉన్ని పరుపులు కుట్టించి పంపింది. పెట్టె మీద పేర్చితే పైకప్పుకి తగిలాయి, ఊరంతా వచ్చి చూసింది. ఒక్క మూటతో వెళ్ళినప్పుడు అవి ఇక్కడే ఉండిపోయాయి. ఇన్నాళ్ళూ నువ్వు పడుకున్నవి, వచ్చిన చుట్టాలు పడుకున్నవి, నేను పడుకున్నది కూడా అవే. వాటిని నావే అనుకుంటూ వచ్చాను. మూడు చీకిపోయాయి, రెండు తాలాయ్ పోయినప్పుడు ఇచ్చేశాం. ఏడు మిగిలాయి. పోయిన వారమంతా విప్పి, ఉన్ని ఉతికి, కర్రతో కొట్టి ఆరబెట్టి, మళ్ళీ కుట్టాను. నా వేళ్ళు చూస్తే నీకు జాలేస్తుంది, కాబట్టి చూపించను.

శనివారం పదకొండింటికి పశ్చిమ బస్టాండుకి వెళ్ళు. బాకాస్ పది అన్నాడు, అంటే పదకొండు. తెల్ల వ్యాన్, ముందు దీపం ఒకటి పగిలి ఉంటుంది. రెండు మూటలు పైన కట్టి ఉంటాయి, మూడు ఒక దానిలో, నాలుగు ఒక దానిలో. జోల్దోష్‌ని తోపుడుబండితో తీసుకెళ్ళు, నువ్వొక్కదానివే మోయకు. మూటలు నేల మీద పెట్టనివ్వకు, అక్కడ ఎప్పుడూ బురదే. ఇంటికెళ్ళాక నువ్వు విప్పకు. బూరుల్‌నే విప్పమను. ఎర్ర అంచు ఉన్నది వాళ్ళమ్మ సొంత చేతులతో కుట్టింది, దాని కుట్టు మాత్రం నేను విప్పలేదు, పైపైన దులిపానంతే. ఆ సంగతి ఆమెకి చెప్పు.

తాళ్ళు నావి. చుట్టచుట్టి బాకాస్‌కిచ్చి తిప్పి పంపు.

అమ్మ